నల్లి బస చేస్తే... లాడ్జికీ ఇంటికీ తిప్పలే!

మాఘమాసం వచ్చిందంటే మన మెట్ట ప్రాంతంలో హడావిడి అంతా ఇంతా కాదు. ఒకవైపు పెళ్లిళ్లు, ఇంకోవైపు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల ప్రయాణాలు, వేదాద్రి నరసింహస్వామి దర్శనాలు. పత్తి బేరగాళ్లు, మిరపకాయలు కొనేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల పనిమీద వచ్చేవాళ్లు, హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద చీకటిపడి ఆగిపోయేవాళ్లు... అందరికీ నందిగామలోనో జగ్గయ్యపేటలోనో తలదాచుకోను ఒక గది కావాలి. 2022లో ఈ రెండు ఊళ్లూ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చినా, పాతవాళ్ల నోట ఇప్పటికీ ఇది కృష్ణా జిల్లా మెట్టే!

ఇంతమంది వచ్చిపోయేచోటికి, వాళ్ల సంచుల్లోనో దుప్పట్లలోనో దూరి, పిలవని చుట్టం ఒకటి వస్తుంది. అది రిజిస్టరులో సంతకం పెట్టదు. అద్దె కట్టదు. పగలంతా మంచం పట్టె సందులో నిద్రపోయి, మనం లైటు తీశాక బయల్దేరుతుంది. అదేనండీ, నల్లి!

"ఇంకా నల్లులెక్కడున్నాయండీ, మా అమ్మమ్మల కాలం మాట!" అంటారేమో. 2023లో పారిస్ నగరం నల్లుల గోలతో అట్టుడికిపోయింది. సినిమా హాళ్లలో, రైళ్లలో, హోటళ్లలో నల్లులంటూ జనం గగ్గోలు పెడితే, అక్కడి ప్రభుత్వమే సమావేశాలు పెట్టి కూర్చుంది. అదే ఏడాది దక్షిణ కొరియాలోనూ ఇదే గొడవ. అంచేత పెద్ద హోటలు, చిన్న లాడ్జి అన్న తేడా నల్లికి లేదు. మనిషి పడుకునే చోటైతే చాలు.

నల్లి కుడితే ప్రాణం పోదు. కానీ నల్లిని చంపబోయి వాడిన మందులవల్ల మనుషుల ప్రాణాలు పోయాయి. అందుకే నల్లిని ఎలా రాకుండా చూసుకోవాలో తెలుసుకోవడం ఎంత అవసరమో, వచ్చాక ఏం చేయకూడదో తెలుసుకోవడం అంతకన్నా అవసరం.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు

మనిళ్లలో నల్లి కనిపించిందంటే ముందు పడేది ఇల్లాలి మీద నింద. "ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం చేతకాదు" అని ఒకరు, "కొత్తకోడలు పుట్టింటినుంచి తెచ్చిన పరుపులోనే వచ్చాయి" అని ఇంకొకరు! నిజానికి నల్లికి మురికితో పనిలేదు. బొద్దింకలా అన్నం మెతుకుల కోసం రాదు. దానికి కావలసింది మన రక్తం ఒక్కటే. రోజుకు రెండుసార్లు ఫినాయిలుతో తుడిచే గదిలోనూ హాయిగా కాపురం పెడుతుంది. మురికిగా, సామాన్లు పేర్చి ఉన్న గదిలో దాక్కోను చోటు ఎక్కువ దొరుకుతుంది, అంతే తేడా.

పంచతంత్రంలో ఒక కథ ఉంది. రాజుగారి పట్టుపరుపులో ఒక పేను ఎవరి కంటా పడకుండా బతుకుతుంటే, నల్లి అతిథిగా వస్తుంది. రాజు నిద్రపోకముందే ఆత్రంగా కుట్టి పారిపోతుంది. భటులు వెతికితే దొరికి చచ్చింది పాపం పేను! రాజుగారి పరుపుకన్నా శుభ్రమైన పరుపు ఉంటుందా చెప్పండి? పైగా కుట్టిందొకరు, నింద పడిందొకరి మీద. మనిళ్లలో జరిగేదీ అదే.

ఈ సిగ్గే నల్లికి పెద్ద అండ. ఇంట్లోవాళ్లు పక్కింటికి తెలియకుండా దాస్తారు. లాడ్జి వాళ్లు పేరు పోతుందని దాస్తారు. గుట్టుగా రాత్రికి రాత్రి ఏదో ఒక విషం తెచ్చి కొడతారు. మొదట్లోనే నోరు విప్పితే ఒక మంచంతో పోయేది, దాచిపెట్టడంవల్ల ఇల్లంతా, మేడంతా పాకుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా?

శత్రువు సంగతి ముందు తెలుసుకోండి

పెరిగిన నల్లి సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. బల్లపరుపుగా, గోధుమరంగులో ఉంటుంది. రక్తం తాగాక ఎర్రగా, లావుగా ఉబ్బుతుంది. రెక్కల్లేవు, ఎగరలేదు. గెంతనూ లేదు. పాకుతుంది, లేదా మన సామాన్లమీద సవారీ చేస్తుంది. ఒక కాగితం అట్ట దూరే సందు ఉంటే అందులో దాక్కోగలదు.

ఆడనల్లి రోజుకు ఒకటి మొదలు ఐదు దాకా గుడ్లు పెడుతుంది. తెల్లగా, రవ్వ పలుకంత ఉండే ఆ గుడ్లు చెక్కకో గుడ్డకో జిగురుతో అంటుకుపోతాయి. వేడి వాతావరణంలో వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. కుబుసం విడిచే ప్రతిసారీ ఒకపూట రక్తం తాగాలి. మన ఎండలకు నెలా నెలన్నరలో గుడ్డునుంచి తల్లి దాకా వచ్చేస్తుంది. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతుంది. "ఆ గది రెండు వారాలు తాళం వేసి ఉంచాం, చచ్చిపోయుంటాయిలే" అనుకోవడం ఉత్త భ్రమ.

గదిలో దిగగానే ఐదు నిమిషాలు

లాడ్జి గది తలుపు తీయగానే మనం చేసే మొదటి పని ఏమిటి? సంచి మంచంమీద పడేసి, "అమ్మయ్య!" అని కూలబడటం. ఇకమీదట ఆ పని చేయకండి. సామాన్లన్నీ ముందు బాత్‌రూములో గచ్చుమీద పెట్టండి. నున్నని టైల్సుమీద నల్లి దాక్కోలేదు. తర్వాత సెల్‌ఫోను టార్చి వేసి ఇలా చూడండి.

దుప్పటి నాలుగు మూలలూ ఎత్తి, పరుపు అంచున కుట్టు వెంబడి చూడండి. ఇంకు పెన్నుతో పొడిచినట్టు నల్లటి చుక్కలు గుంపుగా ఉన్నాయంటే అవి నల్లి రెట్టలు. తడిగుడ్డతో రుద్దితే మసకగా పాకుతాయి. దుప్పటిమీద తుప్పు మరకలు, పరుపు సందుల్లో పల్చటి కుబుసాలు కూడా గుర్తులే. తర్వాత తలవైపు చెక్క, మంచం పట్టెలూ కోళ్లూ కలిసేచోటు, మేకు కన్నాలు, గోడకు తగిలించిన పటం వెనక, మంచం పక్కనున్న స్విచ్ బోర్డు అంచులు చూడండి.

ముక్కుకూ పని చెప్పండి. నల్లులు బాగా ఎక్కువైన గదిలో నలిపిన పచ్చి కొత్తిమీరలాంటి వాసన వస్తుంది. మనం వంటింట్లో రోజూ వాడే కొత్తిమీరకు ఇంగ్లీషులో ఉన్న "కొరియాండర్" అన్న పేరు, నల్లికి గ్రీకు భాషలో ఉన్న మాటనుంచే వచ్చిందని అంటారు!

అనుమానం వస్తే మొహమాటపడకుండా కిందికి దిగి, "బాబూ, ఈ మంచంలో నల్లులున్నాయి, వేరే గది ఇప్పించు" అనండి. ఆ గదికి అటూ ఇటూ ఉన్నదీ, సరిగ్గా పైనా కిందా ఉన్నదీ వద్దనండి. నల్లులు గోడ సందుల్లోంచి, కరెంటు పైపుల వెంట పక్క గదులకు పాకుతాయి. మరకలను ఫోటో తీసి ఉంచుకోండి. గది మార్చక, డబ్బూ వాపసివ్వక సతాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అయితే గొడవకన్నా ముందు మాట మంచిది. మీరు చెప్పకపోతే ఆ మంచంమీద రేపు ఇంకో పసిబిడ్డ తల్లి పడుకుంటుంది.

గది బాగానే ఉన్నా సంచిని మంచంమీద, సోఫామీద పెట్టొద్దు. బల్లమీదో ఇనప స్టాండుమీదో ఉంచి జిప్పు వేసేయండి. విడిచిన బట్టలు ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టండి. ముఖ్యంగా విడిచిన బట్టలు! మనిషి ఒంటివాసన అంటిన బట్టలకు నల్లులు ఆకర్షించబడతాయని పరిశోధనల్లో తేలింది.

లాడ్జి, సత్రం నడిపేవారికి

మన చిన్న ఊళ్లలో లాడ్జిలు చాలావరకు కుటుంబాలు నడుపుకునేవే. లెక్కలు ఆయన చూస్తే, దుప్పట్లు, గలీబులు, పనివాళ్ల సంగతి ఆవిడ చూస్తుంది. అసలు కాపలా ఆవిడదీ, రోజూ పక్కలు వేసే అమ్మాయిదే! పక్క మార్చే ప్రతిసారీ ఆ నల్లచుక్కల కోసం ఒక్క నిమిషం చూడటం నేర్పండి. "అమ్మగారూ, 6వ నెంబరు గదిలో నల్లి కనపడింది" అని చెప్పిన పిల్లను తిట్టకండి. వీలైతే పది రూపాయలు చేతిలో పెట్టండి. తిడితే రెండోసారి చెప్పదు. ఆ పది రూపాయలతో పోయేది రేపు పది పరుపులతో పోతుంది.

దుప్పట్లు తెల్లవే వాడండి, మరక వెంటనే కనిపిస్తుంది. పరుపుకు చుట్టూ జిప్ ఉండే తొడుగు వేస్తే నల్లులు లోపలికి దూరవు, ఉన్నవి బయటికి రావు. చెక్కపెట్టెలాంటి మంచాలకన్నా సాదా ఇనప మంచాలు నయం. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దుప్పటి నేలకు వేలాడకుండా పరుపు కిందికి దోపండి. గోడల బీటలు, కిటికీ చట్రాల సందులు, మేకు కన్నాలు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చేయండి. సిమెంటు ఫ్యాక్టరీలున్న సీమలో మనకు సిమెంటుకేం కరువు!

మాసిన దుప్పట్లు వరండా పొడుగునా ఈడ్చుకుపోకూడదు. గదిలోనే సంచిలో వేసి మూతి కట్టి, నేరుగా ఉతికేచోటికి పంపాలి. మాసిన మూటా ఉతికిన మూటా ఒకే బండిలో, ఒకే అలమరలో పెట్టొద్దు. చవగ్గా వస్తున్నాయని పాత సోఫాలు, పాత మంచాలు కొనేముందు పట్టెలన్నీ విప్పదీసి చూడండి.

ఒక గదిలో నల్లి పడిందని తేలితే ఆ గది ఎవరికీ ఇవ్వకండి. అందులోని సామాను వేరే గదికి మార్చకండి. అటూ ఇటూ, పైనా కిందా నాలుగు గదులు వెతకండి. లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోలు వాళ్లను పిలవండి. ఒక్కసారితో అయిపోదు. మందుకు చావని గుడ్లు పిల్లలవుతాయి కాబట్టి, రెండు వారాల్లోపు రెండోసారి తప్పకుండా రావాలి. వాళ్లు ఏం మందు వాడుతున్నారో, ఎన్ని గంటలు గది ఖాళీగా ఉండాలో కాగితంమీద రాయించుకోండి.

చేను నల్లి వేరు, మంచం నల్లి వేరు

మన ప్రాంతంలో ఒక ప్రమాదం ఉంది. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల మిరప, పత్తి వేయని ఊరు తక్కువ. "నల్లి" అంటే రైతు ఇళ్లలో ముందు గుర్తొచ్చేది మిరపతోటలో ఆకు కిందికి ముడుచుకుపోయే తెల్లనల్లి! దానికి కొట్టే "నల్లిమందు" డబ్బా పశువుల కొట్టంలోనో వసారా అటకమీదో ఉండనే ఉంటుంది. "ఇదీ నల్లే, అదీ నల్లే కదా" అని ఆ మందు కాస్త నీళ్లలో కలిపి మంచానికి, పరుపుకు చల్లేద్దామన్న ఆలోచన రావడం సహజం.

వద్దు! పేరొకటే గానీ రెండింటికీ చుట్టరికం లేదు. చేను నల్లి ఎనిమిది కాళ్లతో సాలీడు జాతికి దగ్గరది. మంచం నల్లికి ఆరు కాళ్లే. చేను నల్లిమీద పనిచేసే మందు దీనిమీద పనిచేయకపోనూవచ్చు. పని చేసిందే అనుకోండి, పొలంలో గాలికీ ఎండకూ విరిగిపోవలసిన విషం మూసిన గదిలో పరుపు దూదిలో నిలిచిపోతుంది. ఆ పరుపుమీద ముఖం పెట్టి రాత్రంతా పీల్చేది మీ పిల్లలే.

ఇంతకన్నా భయంకరమైనవి ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలోని తేమ తగలగానే వీటినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. గోడ సందుల్లోంచి, తలుపు కిందనుంచి పక్కగదికి పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మామూలు జనానికి వీటిని అమ్మకూడదని నిబంధన ఉంది. అయినా ఎవరో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి మంచం కింద పెట్టి, పక్కగదిలో పడుకునేవాళ్లు ఉన్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే!

2018 ఆగస్టులో ఈజిప్టులోని హుర్ఘాదా అనే ఊళ్లో, సముద్రతీరపు హోటల్లో దిగిన ఇంగ్లండు దంపతులిద్దరు ఒకే రోజు చనిపోయారు. వాళ్ల గదిలో ఎవరూ మందు కొట్టలేదు. నల్లులకని మందు కొట్టింది పక్కగదిలో! రెండు గదులకూ మధ్య తలుపు ఉంది. ఆ మందులో కలిపిన ద్రావకం పీల్చినప్పుడు ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి వారి ప్రాణం తీసిందని 2023లో ఇంగ్లండులో జరిగిన విచారణ తేల్చింది. పెద్ద హోటల్లోనే ఇలా జరిగితే, గాలి ఆడని చిన్న గదుల మాటేమిటి?

అసలు మందులకు నల్లి చచ్చే కాలం ఎప్పుడో పోయింది. 1953లో మలేరియా నివారణ కార్యక్రమం మొదలై ఇంటింటికీ డీడీటీ కొట్టినప్పుడు దోమలతోపాటు నల్లులూ చచ్చాయి. కొన్నేళ్లకు ఆ మందును తట్టుకునే నల్లులు పుట్టుకొచ్చాయి. "మందు కొట్టాకే నల్లులు ఎక్కువయ్యాయి" అని జనం మందువాళ్లను గుమ్మంలోకి రానివ్వని రోజులొచ్చాయి. తర్వాత ఇంటింటా టిక్ ట్వంటీ సీసాలు. ఇప్పుడు బజారులో దొరికే చాలా స్ప్రేలదీ అదే దారి. కొడితే కొన్ని చస్తాయి, మిగిలినవి పక్కగదికి పారిపోతాయి.

మన ఎండే మన మందు

నల్లి మందుకు అలవాటుపడింది గానీ వేడికి అలవాటుపడలేదు. 48 డిగ్రీల వేడి గంటన్నర తగిలితే గుడ్లతో సహా చస్తుంది. 50 దాటితే నిమిషాల్లోనే పని అయిపోతుంది. రోహిణీకార్తెలో రోళ్లు పగిలే సీమ మనది. నందిగామలో 45 డిగ్రీలు కొట్టిన రోజున డాబా గచ్చు ఎంత కాలిపోతుందో వడియాలు పెట్టే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

మన నాయనమ్మలు నవారు మంచాలు, నులక మంచాలు ఎండలో వేసి, కర్రతో కొట్టి, కోళ్లలో సలసల కాగే నీళ్లు పోసేవారు. మంచి పద్ధతే. కానీ పరుపును ఊరికే ఎండలో ఆరేస్తే చాలదు. పైన కాలితే నల్లి కింది నీడవైపుకు పాకిపోతుంది. అంచేత దుప్పట్లు, దిండ్లు, పల్చటి పరుపులు నల్లటి ప్లాస్టిక్ పట్టాలో గాలి చొరకుండా చుట్టి, మండుటెండలో డాబామీద పడేయండి. మధ్యలో తిరగేయండి. రెండు మూడు రోజులు వరసగా చేయండి. మందపాటి పరుపు మధ్యకు ఈ వేడి అందదు కాబట్టి దాని కుట్టు వెంబడి ఆవిరి ఇస్త్రీపెట్టెను నెమ్మదిగా నడిపించండి.

గుడ్డలు 60 డిగ్రీల వేడినీళ్లలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిలో నానబెట్టి ఉతకండి. పట్టుచీరల్లాంటివి వేడినీళ్లలో వేయలేం కదా? వాటి సంగతి లాండ్రీవాళ్లకు ముందే చెప్పి విడిగా ఇవ్వండి. కిరసనాయిలు పోయడం మాత్రం మానేయండి. నల్లి చావొచ్చు, చావకపోవచ్చు, నిప్పంటుకునే ప్రమాదం మాత్రం ఖాయం. కర్పూరం, కలరా ఉండలు పనిచేయవు. కలరా ఉండల వాసన పసిపిల్లలకు మంచిది కూడా కాదు.

ఊరినుంచి ఇంటికొచ్చాక

సంచి తిన్నగా పడగ్గదిలోకి తేకండి. వరండాలోనో డాబామీదో విప్పండి. తొడిగినవీ తొడగనివీ అన్నీ వేడినీళ్లలోకి. ఖాళీ సంచిని దులిపి, కుట్టు సందులు చూసి, నల్లకవరులో కట్టి ఎండలో ఒక రోజు ఉంచండి. నెలరోజులపాటు వారానికోసారి మీ పరుపు అంచులు చూస్తూ ఉండండి. ఒకటీ రెండూ ఉన్నప్పుడు దొరికితే చేత్తోనే పోతాయి.

కుడితే ఏం చేయాలి?

"ఏమండీ, రాత్రంతా ఒకటే దురద, చూడండి దద్దుర్లు!" అంటే, "నన్నేం కుట్టలేదే, పెళ్లిలో వంకాయ పడలేదేమో నీకు" అని తేల్చేస్తారు శ్రీవారు. ఆయన్నీ కుట్టే ఉంటాయి! నల్లి కాటుకు కొందరి ఒళ్లు అసలు స్పందించదు. కొందరికి రోజుల తర్వాత దద్దు తేలుతుంది. మెడ, చేతులు, కాళ్లమీద వరసగా మూడు నాలుగు ఎర్రటి దద్దులు ఉంటే అనుమానించండి. అయితే దద్దును బట్టే నల్లి అని తేల్చలేం, పరుపులో గుర్తులు చూడాల్సిందే.

నల్లివల్ల ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుందని ఇంతవరకు రుజువు కాలేదు, కంగారు వద్దు. కుట్టినచోట సబ్బుతో కడిగి చన్నీళ్ల గుడ్డ వేయండి. కాలమైన్ లోషను రాస్తే దురద తగ్గుతుంది. గోకితే పుండై చీము పడుతుంది, పిల్లల గోళ్లు కత్తిరించండి. ఒళ్లంతా పొంగినా, ఆయాసం వచ్చినా, పుండ్లు పడినా డాక్టరుకు చూపించాలి. మందు కొట్టిన గదిలో ఉన్నవాళ్లకు వాంతులు, తలనొప్పి, ఊపిరాడకపోవడం కనిపిస్తే మాత్రం అది తిండి తేడా అనుకోకండి. వెంటనే బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేసి, ఏం మందు వాడారో చెప్పండి.

గుర్తుంచుకోండి!

* గదిలో దిగగానే సంచి మంచంమీద వద్దు. ముందు పరుపు అంచులు చూడండి.

* నల్లి కనిపిస్తే చెప్పండి. చెప్పినవాళ్లను నిందించకండి.

* చేను మందు, ధాన్యం బిళ్లలు పడగ్గదిలోకి రానే కూడదు.

* పక్కగదిలో మందు కొట్టారని తెలిస్తే ఆ రాత్రి అక్కడ పడుకోకండి.

* నల్లప్లాస్టిక్ పట్టా, మండుటెండ, మరిగే నీళ్లు... ఈ మూడూ మీ చేతిలో ఉన్న ఆయుధాలు.

నల్లి బాధ దేవుళ్లకే తప్పలేదని మన చాటుకవులు ఏనాడో నవ్వించారు. మనమూ నవ్వుకుందాం. కాకపోతే టార్చి వేసి పరుపు చూసుకున్నాకే పడుకుందాం!